చలపతిరావుకి అంటించిన మనిషి

చలపతిరావుకి వచ్చింది మామూలు జ్వరం కాదు, కొత్తరకం ఫ్లూ అని రిపోర్టు రాగానే ఏలూరు నుంచి డాక్టర్ మెహజబీన్ జీపులో దిగారు. కొల్లేటి అంచునున్న ఆ ఊరికి అప్పటికే ఒక సంగతి తెలుసు. కోడి నుంచి వచ్చిందని తేలితే చుట్టుపక్కల కోళ్ళన్నిటినీ గోతిలో పూడ్చేస్తారు. మనిషి నుంచి వచ్చిందంటే మనుషుల్ని పూడ్చరు గదా అని ఊరు ఊరంతా ఒక్కమాట మీద నిలబడింది.

అందరిదీ ఒక ఎత్తు, చలపతిరావుది ఒక ఎత్తు. ఆయన ప్రాణాలన్నీ తన డేగ పుంజు మీదే. దానికి పొద్దున బాదంపప్పు, సాయంత్రం మటన్ కీమా. ఎండ తగిలితే నోటినిండా నీళ్ళు పట్టి దాని మొహాన ఊదేవాడు. కట్టుకున్న పెళ్ళానికి జ్వరమొస్తే మాత్ర ఎక్కడుంటుందో తెలియని మనిషి! ఇప్పుడా పుంజు పడగ్గదిలో, దోమతెరలో దాక్కుని ఉంది.

"కోళ్ళున్నాయాండీ?" అని మాస్కులోంచి అడిగారు డాక్టరు.

"అబ్బే, లేవండీ."

పడగ్గదిలోంచి కొక్కొరొకో అని వినిపించింది.

"ఫోనండీ," అన్నాడు చలపతిరావు. ఫోను ఆయన చేతిలోనే నోరు మూసుకుని ఉంది.

"మనిషి నుంచి మనిషికి అంటడం మొదలైతే అది మీ ఊరితో ఆగదండీ. ఢిల్లీలో ఈ ఒక్క జవాబు కోసమే కూర్చున్నారు. ఆలోచించి చెప్పండి."

"మనిషి నుంచేనండీ."

"ఎవరండీ ఆ మనిషి?"

చలపతిరావు తాడేపల్లిగూడెంలో ఉన్న బావమరిది పేరు చెప్పాడు. డాక్టరు వెంటనే ఫోన్ కలిపారు. "మా బావ నాతో మాట్లాడి రెండేళ్ళయిందండీ. పుంజుని కాలితో తోశానని కోపం," అన్నాడు హేమంత్‌కుమార్. తరవాత చలపతిరావు చేపల చెరువుకి కాపలా ఉండే యాకోబుని పిలిచారు. తన కోళ్ళ కోసమైనా అబద్ధం చెబుదామనే వచ్చాడు పాపం, అలవాటు కొద్దీ నిజం జారిపోయింది. "ఈయన అరుగెక్కనిస్తే గదండీ. పుంజుకి దిష్టి తగులుద్దంట."

ఇక మిగిలింది భార్య మాణిక్యం. ఆమెకు పరీక్షలో ఏమీ లేదని తేలింది.

"జ్వరంలో ఆయన పక్కన ఉన్నారాండీ?"

చలపతిరావు కళ్ళతోనే బతిమాలాడు. ఒక్క 'ఔను' అంటే పుంజు బతుకుతుందని ఆయన ఆశ. గోడ మీంచి ఊరంతా చెవులు రిక్కించింది.

మాణిక్యం కొంగుతో చేతులు తుడుచుకుంది. "లేదండీ. గుమ్మంలో కంచం పెట్టి పిలిచేదాన్ని. జ్వరమనేం కాదు, ఎప్పుడూ అంతేనండీ. నేను పక్కన కూర్చుంటే పుంజు బెదురుద్దని ఆయనకి."

డాక్టరు గట్టిగా ఊపిరి వదిలారు. చలపతిరావు దగ్గరికి మనిషన్న ప్రాణి రాలేదు గనక లోకానికి గండం తప్పింది. పశువుల డాక్టరు మనుషులొచ్చి ముందుగా దోమతెర ఎత్తి, పుంజుని బుట్టలో పెట్టుకుపోయారు. అది వెనక్కి రాదని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

చలపతిరావు భోరుమన్నాడు. పుంజు కోసమే అనుకున్నాడు గానీ, ఊరంతా వెతికినా తనకి ఒక్క మనిషి పేరు దొరకలేదన్న సంగతి అప్పుడు తట్టింది. ఉండబట్టలేక, "మాణిక్యం, ఇలా వచ్చి కాసేపు కూర్చోవే," అన్నాడు.

ఆ పిలుపు విని ఎన్నేళ్ళయిందో, ఆమె గబగబా గడప దాటబోయింది. డాక్టరు చెయ్యి అడ్డం పెట్టారు.

"వద్దండీ. ఇన్నాళ్ళూ ఎలా ఉన్నారో ఇంకో వారం అలాగే ఉండండి."