అక్క చెప్పిన మాత్ర

కుప్పం నుంచి ఫోన్ వచ్చేసరికి షైలజ పుంగనూరులో, తన ఇంటి ముందు గదిలో, కుట్టు మిషన్ దగ్గర కూర్చుని పెళ్లి జాకెట్‌కు చేతులు అతుకుతోంది. ఫోన్‌లో బావ కరుణాకర్. గ్రానైట్ ఫ్యాక్టరీ మోతలో పనిచేసి పనిచేసి ఆయనకు అరిచినట్టు మాట్లాడే అలవాటు. ఆ రోజు మాత్రం గుసగుసగా మాట్లాడాడు.

"షైలూ, మీ అక్క పడిపోయిందమ్మా. చపాతీలు ఒత్తుతా ఒత్తుతా ఉన్నట్టుండి ఇరుచుకుపడింది. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. ఆస్పత్రికి తెచ్చినాము. నువ్వు రామ్మా."

"పడిపోవడమేంది బావా? నిన్న నాతో బాగానే మాట్లాడింది గదా!"

మాట్లాడిన మాట నిజమే. తలనొప్పి వదలడం లేదని, వారం పైనే అయిందని, ఎండలకేమోనని అంది అక్క. వాళ్ల పుట్టింట్లో తలనొప్పిని ఎవరూ జబ్బులో లెక్కెయ్యరు. షైలజకూ చిన్నప్పటి నుంచీ వచ్చేదే. కొంచెం అమృతాంజనం రాసుకుని పడుకోమని చెప్పి ఫోన్ పెట్టేసింది.

మూడేళ్ల కూతుర్ని పక్కింటి సరోజమ్మకు అప్పజెప్పింది. భర్త మోజెస్ మదనపల్లె మార్కెట్‌లో టమోటాలు దింపి అప్పుడే వచ్చాడు. అదే పికప్ బండిలో ఇద్దరూ బయల్దేరారు. పలమనేరు దాటి, బైరెడ్డిపల్లె మీదుగా వెళ్తున్నంతసేపూ షైలజ ఒక్క మాటే అంటూ వచ్చింది. "ముప్పై మూడేండ్ల మనిషి. ముప్పై మూడేండ్ల మనిషికి ఏమవుతుంది?"

ఆస్పత్రి మంచం మీద ఫ్లారెన్స్ కళ్లు తెరిచే ఉంది. చెల్లెల్ని చూడగానే పెదాలు కదిపింది. "నీళ్లు" అనబోయిందో, "షైలూ" అనబోయిందో, నోట్లోంచి "కిటికీ" అన్న మాట వచ్చింది. అది తప్పని ఆమెకే తెలిసినట్టుంది. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ "కిటికీ" అనే వచ్చింది. కుడి చెయ్యి దుప్పటి మీద ఎవరో మరిచిపోయి వదిలేసిన వస్తువులా పడి ఉంది. ఆదివారం ఆరాధనలో నిలబడి తడుముకోకుండా వాక్యం చదివే మనిషి. షైలజ ఆ చేతిని పట్టుకుంది. చెయ్యి వెచ్చగానే ఉంది గానీ తిరిగి పట్టుకోలేదు. షైలజకు ఏడుపు కూడా రాలేదు. మంచం కమ్మీ పట్టుకుని నిలబడింది.

డాక్టర్ భీమరావు స్కాన్ చూసి అందరినీ తన గదిలోకి పిలిచాడు. కరుణాకర్, ఆయన తల్లి మణెమ్మ, షైలజ లోపలికి వెళ్లారు. మోజెస్ గుమ్మం దగ్గర ఆగాడు.

"మెదడులోంచి రక్తం కిందికి దిగే దారి ఒకటుంటుంది. ఆ దారిలో గడ్డ కట్టింది. అందుకే ఇన్ని రోజులు తలనొప్పి, అందుకే ఈ ఫిట్స్. గడ్డ కరగడానికి మందు మొదలుపెట్టాము. ఇప్పుడు నాకు ఒక్క విషయం చెప్పండి. ఈమె రోజూ ఏమైనా మాత్రలు వాడతా ఉందా?"

"ఏ మాత్రా లేదు సార్" అంది మణెమ్మ.

"గర్భం రాకుండా వాడేవి? నెలసరి వెనక్కి జరపడానికి వాడేవి?"

కరుణాకర్ మొహం చిన్నబోయింది. "రెండో బిడ్డ కోసరం నాలుగేండ్లుగా ప్రార్థన చేపిస్తాండాము సార్. మాకు అట్లాంటి మాత్రలతో ఏం పని?"

గదిలో ఉన్నవాళ్లలో షైలజకొక్కదానికే తెలుసు. మొదటి కాన్పులో అక్కకు బీపీ పెరిగిపోయి, తల్లా బిడ్డా అన్న దాకా వచ్చింది. ఆ భయం అక్కను వదల్లేదు. ఇంట్లో చెబితే వినేవాళ్లు లేరు. బంగారుపేటకు రైలెక్కి, తెలిసినవాళ్లు లేని వీధిలో మాత్రలు కొనుక్కుని తెచ్చుకునేది. షైలజకు పాప పుట్టాక, "ఇవి ఏసుకోవే, నాకేమీ కాలేదు" అని పేరు చెప్పింది కూడా అక్కే. ఎవరికీ చెప్పనని ఆ రోజు బైబిలు మీద చెయ్యి పెట్టించుకుంది.

డాక్టర్ కాగితం మీద ఏదో రాసుకుని, "సరే, వాడటం లేదు" అన్నాడు.

"వాడతాంది సార్."

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని షైలజకు ఒక క్షణం తెలియలేదు. ముగ్గురూ తన వైపు తిరిగారు. చేతిసంచి తెరిచి, అడుగున ఉన్న మాత్రల అట్ట తీసి బల్ల మీద పెట్టింది. సగం గుంటలు ఖాళీగా ఉన్నాయి. "ఇదే సార్. ఇవే అక్క కూడా ఏసుకునేది. ఆమె పాప పుట్టిన కాడ్నుంచీ."

కరుణాకర్ ఆ అట్టను చూశాడు. షైలజను చూశాడు. కోపం రాలేదు ఆయనకు, అసలేమీ రాలేదు. నోరు కొంచెం తెరుచుకుని అలాగే ఉండిపోయింది. మణెమ్మ మాత్రం కుర్చీలోంచి లేచి, "అబద్ధం" అని ఒక్క మాట అంది, మళ్లీ కూర్చుంది.

డాక్టర్ వాళ్లెవరినీ చూడటం లేదు. అట్టను వెనక్కి తిప్పి చదివి, షైలజ వైపు చూశాడు. "ఇది నీ సంచిలో ఎందుకుంది?"

"నేనూ ఏసుకుంటాను సార్."

"నీకూ తలనొప్పి వస్తుందా?"

"వస్తుంది సార్. మాకిద్దరికీ చిన్నప్పటి నుంచి ఉండాది. నాకైతే ముందర కండ్లల్లో మెరుపులు వస్తాయి. వంకరగా ఒక గీత మెరస్తానే ఉంటుంది. ఎదురుగుండా మనిషి మొహం సగం కనపడదు. అది పోయినంక నొప్పి మొదలవుతుంది."

ఆయన కలం కింద పెట్టేశాడు. "ఎవరైనా డాక్టర్‌కు చెప్పినావా ఈ మెరుపుల సంగతి?"

"లేదు సార్. తలనొప్పే గదా అని..."

"ఇది ఈ రోజు నుంచే ఆపెయ్. ఇప్పుడే. ఈ మాత్రలో రెండు హార్మోన్లు ఉన్నాయి. ఒకటి ఈస్ట్రోజన్. చానామందికి దాంతో ఏ ఇబ్బందీ రాదు. కొందరికి మాత్రం రక్తం గడ్డ కట్టే గుణాన్ని పెంచుతుంది. మెరుపులతో తలనొప్పి వచ్చేవాళ్లు దీన్ని ముట్టుకోకూడదు, పక్షవాతం వచ్చే ప్రమాదం పెరుగుతుంది. మీ అక్కకు ఇదొక్కటే కారణమని నేను చెప్పను, రక్త పరీక్షలు ఇంకా చెయ్యాలి. కానీ నీ విషయంలో అనుమానం లేదు. ఈస్ట్రోజన్ లేనివి వేరే ఉన్నాయి. లేడీ డాక్టర్ని కలిసి మాట్లాడు. అప్పటిదాకా నీ భర్తను జాగ్రత్త తీసుకోమను."

గుమ్మం దగ్గరున్న మోజెస్ ఇదంతా విన్నాడు. అతని మొహం సున్నం కొట్టిన గోడలా పాలిపోయింది.

బయటికి రాగానే మణెమ్మ అందుకుంది. "నా కొడుకు మోకాళ్ల మీద పడి ఏడుస్తాంటే ఆ యమ్మ మాత్ర మింగి పండుకునేదా? నువ్వు అన్నీ తెలిసి మా ఇంట్లో కూర్చోని అన్నం తిని పోయేదానివా?"

అప్పుడు కరుణాకర్ మెట్ల మీద కూలబడి, తల ఎత్తకుండానే అడిగాడు. "నాతో యాల చెప్పలేదు షైలూ? నెల నెలా అడిగేవాణ్ని గదా."

"ఏమైనా విశేషమా అని అక్కను అడిగినావు బావా. నీకు కావాలా అని అడగలేదు."

అనేశాక, ఆ మాట అంత గట్టిగా అనాల్సింది కాదేమోనని భయపడింది. ఆయన దెబ్బ తిన్నవాడిలా ఒకసారి కళ్లు మూసుకున్నాడు. తల్లి మళ్లీ నోరు తెరవబోతే, "అమ్మా, నువ్వు ఊరుకో" అన్నాడు. కొడుకు అలా అనడం మణెమ్మ ఎన్నడూ విన్నట్టు లేదు.

మర్నాడు పుంగనూరు తిరిగి వస్తూ, బైరెడ్డిపల్లె దాటాక మోజెస్ బండి పక్కకు తీసి ఆపాడు.

"నేనే గదా తెచ్చిచ్చింది" అన్నాడు. "అక్క పేరు చెప్పింది, నువ్వు నాకు చెప్పినావు. నేను మెడికల్ షాపులో పిల్లకు బిస్కెట్లు కొన్నట్టు కొనుక్కొచ్చినాను. నిన్ను ఎవరూ ఒక్క మాట అడగలేదు. నేనూ అడగలేదు."

షైలజ అతన్ని ఓదార్చలేకపోయింది. తన తలలోనే ఎక్కడో ఒక నరం బిగుసుకుంటున్నట్టు ఊహ. కళ్లు నులుముకుని, రోడ్డు పక్క చింతచెట్టును చూసింది. చెట్టు మొత్తం కనిపిస్తోందా, సగమేనా అని పరీక్షించుకుంది. ఆ తర్వాత చాలా రోజులు అలాగే గడిచింది. జాకెట్ కత్తిరిస్తూ ఆగి గోడ గడియారాన్ని చూసేది. పాప మొహాన్ని రెండు వైపులా చూసేది.

మదనపల్లెలో డాక్టర్ ప్రమీలమ్మ దగ్గరికి ఇద్దరూ కలిసే వెళ్లారు. ఆమె బీపీ చూసింది, తలనొప్పుల గురించి, అక్క గురించి మొదటి నుంచీ అడిగి తెలుసుకుంది.

"ఇంకో బిడ్డ కావాలనుకుంటున్నారా?"

"కావాలమ్మా. ఇప్పుడే కాదు" అంది షైలజ.

"అయితే ఆపరేషన్ మాట వద్దు. ఈస్ట్రోజన్ లేనివి చెప్తాను విను. ఒకే హార్మోన్ ఉండే మాత్ర ఉంది. కానీ దాన్ని రోజూ ఒకే వేళకు వేసుకోవాలి, మరిచిపోతే పనిచెయ్యదు. మూడు నెలలకొకసారి వేసే ఇంజెక్షన్ ఉంది. అయితే మానేసిన తర్వాత గర్భం నిలవడానికి కొంత ఆలస్యం కావచ్చు. పైగా మీ అక్క రక్త పరీక్షల సంగతి తేలేదాకా నీకు ఇంజెక్షన్ వెయ్యడం నాకంత ఇష్టం లేదు. కాపర్-టీ ఉంది. అందులో ఏ హార్మోనూ లేదు, రాగి తీగె అంతే."

"కాపర్-టీ వద్దమ్మా" అంది షైలజ వెంటనే. "అది పైకెక్కి గుండెలోకి పోతుందంట. మా వీధిలో అందరూ చెప్తారు."

ప్రమీలమ్మ నవ్వలేదు. బల్ల మీదున్న గర్భసంచి బొమ్మను విప్పి, అది ఎక్కడ కూర్చుంటుందో చూపించింది. "ఇక్కణ్నుంచి గుండెకు దారి లేదమ్మా. పెట్టేటప్పుడు చానా అరుదుగా గర్భసంచికి గుచ్చుకోవచ్చు, కొందరికి జారి బయటికి రావచ్చు. అందుకే మళ్లీ వచ్చి చూపించుకోమంటాము. మొదటి నెలల్లో రక్తం ఎక్కువ పోతుంది, నొప్పి ఉంటుంది. అది నేను దాచను. తీసేస్తే మళ్లీ బిడ్డ పుడుతుంది."

"నా పక్కనుంచి ఏమైనా చెయ్యచ్చా మేడం?" అన్నాడు మోజెస్. ఆ ప్రశ్న తన మొగుడి నోట వింటానని షైలజ అనుకోలేదు.

"నిరోధ్ ఉంది గదప్పా. మాత్ర ఆపినప్పటి నుంచీ వాడినావు కదా, అదీ ఒక దారే. కాకపోతే ఒక్కసారి కూడా తప్పకూడదు."

షైలజ బొమ్మ వైపు చూస్తూ ఉండిపోయింది. ఏ మాత్రయినా సరే, ఇక నాలుక మీద పెట్టుకుని నిద్రపోలేనని అర్థమైంది. నొప్పి ఉంటుందని ముందే చెప్పిన వస్తువు ఆమెకు నమ్మదగ్గదిగా కనిపించింది.

"కాపర్-టీ పెట్టండమ్మా" అంది.

పెట్టినప్పుడు పొత్తికడుపులో మెలిపెట్టినట్టయింది. రెండు నెలలు రక్తం బాగానే పోయింది, ఆమె విసుక్కుంది, ఒకసారి తీయించేస్తానని కూడా అంది. తర్వాత తగ్గింది. మెరుపులు మానలేదు, వస్తూనే ఉన్నాయి. కాకపోతే ఇప్పుడు వాటికి వేరే డాక్టర్, వేరే మందు.

ఫ్లారెన్స్‌కు మాట మెల్లగా తిరిగొచ్చింది. మొదట పేర్లు, తర్వాత చిన్న చిన్న వాక్యాలు. చేతికి పట్టు వచ్చింది గానీ గరిటె జారిపోయేది. ఒక సాయంత్రం షైలజ కుప్పంలో ఉండగానే, మణెమ్మ దుప్పట్లు మడతపెడుతుండగా, ఫ్లారెన్స్ మొగుణ్ని పేరు పెట్టి పిలిచింది.

"నాకు... భయం" అంది. మాట కోసం వెతుక్కుంది. "రెండో కాన్పు... వద్దు. చెప్పలేక... మింగినాను."

మణెమ్మ దుప్పటి వదిలేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. కరుణాకర్ భార్య కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

గడ్డ కరిగే మందు వాడుతున్నంతకాలం గర్భం రావడమే ప్రమాదమని, కాపర్-టీ పెడితే రక్తం మరీ ఎక్కువ పోవచ్చని కుప్పం ఆస్పత్రిలో చెప్పారు. ఈస్ట్రోజన్ లేకుండా, గర్భసంచిలోనే కొద్ది కొద్దిగా వేరే హార్మోన్ వదిలే లూప్ ఒకటుందని, దాంతో రక్తం తగ్గుతుందని వివరించారు. ఫ్లారెన్స్ అన్నీ విని తల ఊపింది. అది పెట్టించుకునే రోజు షైలజ, కరుణాకర్ తోడు వెళ్లారు. మణెమ్మ రాలేదు.

గది బయట నర్సు వివరాలు రాసుకుంటూ, "పిల్లలెంతమంది?" అని అడిగింది. ఫ్లారెన్స్ ఎడమ చేత్తో ఒక వేలు చూపించింది.

"ఒక్కరేనా? మగబిడ్డా?"

షైలజ జవాబు చెప్పబోయింది. అంతలో వెనక నుంచి కరుణాకర్ గొంతు వినిపించింది, ఫ్యాక్టరీలో మాట్లాడినట్టు, వరండాలో కూర్చున్నవాళ్లందరూ తలతిప్పి చూసేంత గట్టిగా.

"ఆడబిడ్డమ్మా. మాకు చాలు."

ఫ్లారెన్స్ నడవబోయి ఆగిపోయింది. వెనక్కి తిరిగి, తన మొగుణ్ని మొదటిసారి చూస్తున్నట్టు కళ్లు పెద్దవి చేసుకుని చూసింది. షైలజ కూడా అలాగే నిలబడిపోయింది. "రామ్మా, లోపలికి రా" అని నర్సు పిలిస్తేనే అక్కాచెల్లెళ్లిద్దరూ కదిలారు.