ఫోము ముట్టబడదు

పరుగు పరీక్షకు ఇంకా ఇరవై రెండు రోజులున్నాయనగా నా కుడి పిక్క పట్టేసింది. తెనాలి కాలేజీ గ్రౌండులో ఐదో రౌండు తిరుగుతుంటే లోపల ఎవరో తాడు మెలిపెట్టి ముడేసినట్టయింది. కుంటుకుంటూ వెళ్ళి గోలుపోస్టు పక్కన కూలబడి, నా కాలిని నేనే నాలుగు తిట్లు తిట్టాను.

ఇది 2008 నాటి మాట. కానిస్టేబుల్ ఉద్యోగానికి ఆడపిల్లలు రెండున్నర కిలోమీటర్లు పదహారు నిమిషాల్లో పరుగెత్తాలి. అంతకు ముందుసారి ఇదే పిక్క పట్టేసి, ఇరవై సెకన్ల తేడాతో నా ఉద్యోగం పోయింది. మళ్ళీ నోటిఫికేషన్ పడేసరికి నాకు వయసు దాటిపోతుంది. ఇదే ఆఖరు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా కూర్చున్నచోట కూర్చోలేకపోయేదాన్ని. అన్నం కూడా వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వంటింట్లోకి తిరుగుతూ తినేదాన్ని. "ఇష్రతూ, నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయే" అని అమ్మ విసుక్కునేది.

ఆదివారం బాపట్ల వెళ్ళాను. అక్కడ రాజారత్నం మాస్టారని, రిటైరైన డ్రిల్లు సారు, చర్చి అయ్యాక నలుగురైదుగురు పిల్లలకి పరుగు నేర్పేవారు. ఆయన నా పిక్క నొక్కి చూసి నాలుక చప్పరించారు.

"కండ గట్టిపడి ఉండ కట్టిందమ్మా. పరుగెత్తాక రోజూ దీన్ని దొర్లించి నలపాలి. ఫోమ్ రోలరని ఉంటది. ఆసుపత్రి వీధిలో జయలక్ష్మి గారి కొట్లో, నడుం బెల్టులూ చేతికర్రలూ అమ్ముతారే, అక్కడ రెండున్నాయి. తెల్లది గట్టిది, నీలంది మెత్తంది. నువ్వు గట్టిదే తీసుకో. దాని మీద కాలు పెట్టి దొర్లిస్తే నొప్పి తెలియాలి. ఊపిరి బిగబట్టేంత మాత్రం ఉండకూడదు. అదే కొలత."

కొలత సంగతి తర్వాత. ఫోము అన్న మాట వినగానే నా గుండెలో రాయి పడింది.

మా నాన్న చాంద్ బాషా దూది పరుపులు కుడతాడు. తాతల నాటి పని. పన్నెండేళ్ళ కిందట సరిగ్గా మా కొట్టుకి ఎదురుగా ఆశీర్వాదం గారు ఫోము పరుపుల షాపు పెట్టారు. పెళ్ళిళ్ళ సీజను వచ్చిందంటే మా గుమ్మం ముందు నిలబడే జనమంతా రెండేళ్ళలో రోడ్డు దాటి అటువైపు వెళ్ళిపోయారు. నాన్న ఎవరితోనూ గొడవపడలేదు. ఒకరోజు నిచ్చెన వేసుకుని, "ఇచ్చట దూది పరుపులు కుట్టబడును" అన్న మా బోర్డు కింద ఎర్ర రంగుతో ఇంకో వరస రాశాడు. "ఫోము ముట్టబడదు." రాసి ఊరుకున్నాడా అంటే, లేదు. ఆ రోజు నుంచి ఎవరింటికి వెళ్ళినా సోఫాలో కూర్చోడు, చెక్క కుర్చీ అడుగుతాడు. ఆయన పట్టుదల చూసి బజారంతా నవ్వుకునేది. నాకు మాత్రం ఆ బోర్డు చూస్తే గర్వంగానే ఉండేది.

అలాంటి ఇంటికి ఫోము తీసుకెళ్ళాలి. కాలు ముందా, నాన్న ముందా అని జయలక్ష్మి గారి కొట్టుకి వెళ్ళేదాకా కొట్టుమిట్టాడాను. కొట్లోకి వెళ్ళేసరికి కాలే ముందనుకున్నాను.

ఆవిడ రెండు రోలర్లూ బల్ల మీద పెట్టింది. రెండూ మూరెడు పొడుగు, గుండ్రంగా చిన్న బాలీసుల్లా ఉన్నాయి. నేను పుట్టి పెరిగిందంతా పరుపుల మధ్య. బాగోగులు తేల్చడానికి మా ఇంట్లో ఒకటే పద్ధతి. బొటనవేలు పెట్టి నొక్కితే మొదటి కణుపు దాకా దిగాలి, వదిలితే తిరిగి లేవాలి. నాకు ఆరేళ్ళప్పుడే నాన్న నేర్పాడు. తెల్లదాన్ని నొక్కాను. వేలు అస్సలు దిగలేదు. నీలంది చక్కగా కణుపు దాకా దిగి, పైకి లేచింది.

"మాస్టారు గట్టిది తీసుకోమన్నారన్నావు కదమ్మా" అంది జయలక్ష్మి గారు.

"ఆయనకి పరుగు తెలుసండి, పరుపులు తెలియవు" అన్నాను. ఎంత పొగరు! నీలంది చంకన పెట్టుకుని రైలెక్కాను.

ఇంట్లో దాన్ని దూది గది మూల, బస్తాల వెనక దాచాను. నాన్న మధ్యాహ్నం నమాజుకి వెళ్ళగానే గబగబా తీసి నేల మీద పెట్టి దొర్లేదాన్ని. హాయిగా ఉండేది. ఆ హాయే నా కొంప ముంచింది. నొప్పి లేదు కాబట్టి నయమవుతోందనుకున్నాను. నాలుగో రోజుకి దాని నడుం దిగిపోయింది. వారానికి మడత పెట్టిన దుప్పటిలా తయారైంది. పిక్కలో ఉండ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. శనివారం పొద్దున మూడో రౌండుకే కాలు పట్టేసింది.

ఆదివారం మళ్ళీ బాపట్ల. మాస్టారికి నిజం చెప్పాను. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "వారం పోయిందమ్మా" అన్నారు. అంతే. పరుగులాంటి నడకతో జయలక్ష్మి గారి కొట్టుకి వెళ్ళాను. తెల్లది లేదు. నడుం నొప్పితో బాధపడుతున్న ఆటో డ్రైవరెవరో తీసుకెళ్ళాడట, రేపల్లె మనిషి, పేరు లాజరు. మరొకటి తెప్పించాలంటే నెల పడుతుందంది. నాకు మిగిలింది పదమూడు రోజులు.

మర్నాడు పొద్దున్నే రేపల్లె ప్యాసింజరెక్కాను. వెళ్ళి ఏమని అడుగుతానో నాకే తెలియదు. ఇంట్లో కూర్చోలేక బయల్దేరాను. భట్టిప్రోలులో రైలు అరగంట ఆగిపోయింది. అందరూ దిగి పల్లీలు కొనుక్కుంటున్నారు. నేను ప్లాట్‌ఫాం ఈ చివర నుంచి ఆ చివరికి తిరిగాను. "ఎవరికోసం చూస్తున్నావమ్మా?" అని ఒక పెద్దాయన జాలిగా అడిగాడు. రోలర్ కోసం అని చెప్తే ఏమనుకునేవాడో!

రేపల్లె ఆటోస్టాండులో అడిగితే లాజరు ఇల్లు చూపించారు. వసారాలో ఆ తెల్ల రోలర్ మీద వెల్లకిలా పడుకుని, కాళ్ళతో నేలను తన్నుతూ ముందుకీ వెనక్కీ దొర్లుతున్నాడు. నన్ను చూసి సిగ్గుపడి లేచాడు. సంగతంతా చెప్పాను.

"ఇచ్చేద్దునమ్మా. కానీ దీని మీద దొర్లకపోతే నేను బండెక్కలేను. ఆర్నెల్లయింది చెల్లెమ్మా సుఖంగా నిద్రపోయి. మొన్నటి నుంచే పడుతోంది" అన్నాడు.

అలాంటి మనిషి దగ్గర్నుంచి ఎలా లాక్కుంటాను? "వద్దన్నా, ఒక్కసారి కాలు పెట్టి చూస్తాను" అన్నాను. సరేనన్నాడు. పిక్క దాని మీద ఆనించి దొర్లించగానే ప్రాణం పోయినంత పనైంది. నొప్పితో ఊపిరి బిగబట్టాను. అంటే ఇది నాకు మరీ గట్టిది, నీలంది మరీ మెత్తది. నాకు కావాల్సింది రెండింటికీ మధ్యది. మాస్టారు చెప్పిన కొలత నాకప్పటికి తలకెక్కింది.

ఇంటికి వచ్చేసరికి నాన్న దూది గదిలో పీట మీద కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు నా నీలం రోలర్. పక్కన జరిపిన బస్తా.

నాన్న దాన్ని చేత్తో ముట్టలేదు. పరుపులు కుట్టే దబ్బనంతో అటూ ఇటూ తిప్పాడు.

"ఏంటిది?"

చెప్పాను. మాస్టారు, పిక్క, లాజరు, అన్నీ చెప్పేశాను. నీలందాన్ని ఎలా ఎంచుకున్నానో కూడా చెప్పాను. "నువ్వు నేర్పినట్టే నొక్కి చూశాను నాన్నా" అన్నాను.

నాన్న దబ్బనం పక్కన పెట్టాడు. "కాలు చాపు" అన్నాడు. పిక్క మీద అరచెయ్యి వేసి, పాత దూదిలో ఉండలు వెతికినట్టు మెల్లగా వెతికాడు. ఉండ ఉన్నచోట చెయ్యి ఆగింది.

"పడుకునేదానికి కొలత వేరు, నలిపేదానికి వేరు. నాకు చెప్పుంటే నేనే చెప్పేవాణ్ణి కదే. ఇదెందుకు తెచ్చుకున్నావు? నేను చేస్తాను, దూదితో."

ఆ రాత్రే ప్లాస్టిక్ పైపు ముక్క కోసి, దాని చుట్టూ చారల గుడ్డ సంచి కుట్టి, రోకలిపోటు వేసినట్టు దూది కూరాడు. అంత గట్టి బాలీసు నా జన్మలో చూడలేదు. మొదటి రోజు దొర్లితే నొప్పి తెలిసింది, ఊపిరి ఆడింది. నాన్న ముఖం వెలిగిపోయింది. రెండో రోజు సాయంత్రానికి ఒక పక్క అణిగింది. విప్పి మళ్ళీ కూరాడు. మూడో రోజు అణిగిన దూది పైపు చుట్టూ గడ్డలుగా జరిగిపోయింది. నాలుగో రోజు మళ్ళీ విప్పాడు. ఈసారి కూరలేదు. గుప్పెడు దూది చేతిలో పట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"దీనికి లేవడం రాదు ఇష్రతూ. ఎండలో వేసి ఏకితే లేస్తది గానీ, నొక్కిన వెంటనే లేవదు" అన్నాడు. నలభై ఏళ్ళుగా దూదిని ఒక్క మాట అననివాడు ఆ మాటన్నాడు. నేను చూడలేక గ్రౌండుకి పోయాను. పోయి కూడా పరుగెత్తలేదు, ఊరికే తిరిగాను.

మర్నాడు పొద్దున పదకొండింటికి, బజారు నిండుగా ఉన్న వేళ, నాన్న చెప్పులేసుకుని రోడ్డు దాటాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను. టీ కొట్టు దగ్గర జనం మాటలు ఆపేశారు. ఆశీర్వాదం గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"బాషా గారూ, రండి రండి. ఏం కావాలండి?"

"ముక్కలుంటాయి కదండి, కోయగా మిగిలినవి. గట్టివి చూపించండి" అన్నాడు నాన్న. రోడ్డుకి ఇవతల నాకు వినిపించింది.

ఆయన ఎన్నో ముక్కలు తెచ్చి బల్ల మీద పోశారు. నాన్న ఒక్కొక్కటీ బొటనవేలితో నొక్కి చూశాడు. వేలు సగం గోరు దాకా దిగి, ఠక్కున పైకి తోసే ముక్క కోసం వెతికాడు. పది దాకా పక్కన పడేశాడు. పదకొండోదో పన్నెండోదో పట్టుకుని, "ఇది" అన్నాడు. టీ కొట్టు దగ్గర ఎవడో, "బాషా కూడా ఫోములో పడ్డాడ్రోయ్!" అని నవ్వాడు. నాకు వాణ్ణి చెప్పుచ్చుకు కొట్టాలనిపించింది. నాన్న మాత్రం విననట్టే ముక్కని పేపర్లో చుట్టించుకుని వచ్చాడు.

పైపు చుట్టూ ఆ ముక్కని బిగించి అతికించి, మీద చారల గుడ్డ చుట్టి, దబ్బనంతో దగ్గర దగ్గరగా కుట్టాడు. అది చచ్చినా అణగలేదు. పొద్దునా సాయంత్రం దాని మీద దొర్లాను. నొప్పి తెలిసేది, ఊపిరి ఆడేది. నాలుగో రోజుకి పిక్కలో ఉండ గోళీకాయంతైంది. ఆరో రోజుకి వెతికితే తప్ప దొరకలేదు.

పరీక్షకి గుంటూరు రమ్మంటే నాన్న రానన్నాడు. "కొట్లో పనుంది. అమ్మని తీసుకెళ్ళు" అన్నాడు. కొట్లో ఏం పనుంటుంది, నెలకి రెండు బాలీసులు! నాకు కొంచెం కష్టమనిపించింది.

పరుగెత్తాను. నాలుగో రౌండు అయింది, ఐదో రౌండు అయింది. ప్రతి అడుగుకీ పిక్క మీదే ధ్యాస పెట్టి, ఇప్పుడు పడుతుంది, ఇప్పుడు పడుతుంది అనుకుంటూనే గీత దాటేశాను. పదిహేను నిమిషాల నలభై ఒక్క సెకన్లు. అమ్మ నా ముఖం పట్టుకుని ఏడ్చింది.

తెనాలిలో బస్సు దిగి, అమ్మని వెనక వదిలేసి, బజారంతా పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చాను. కొట్టు ముందు నిచ్చెన వేసి ఉంది. నాన్న పైన నిలబడి, చేతిలో తెల్ల రంగు డబ్బాతో, బోర్డు మీద రెండో వరస చెరిపేస్తున్నాడు. "ఫోము" అప్పటికే లేదు. "ముట్టబడదు" సగం మిగిలి ఉంది.

"నాన్నా, ఏంటిది?"

ఆయన కిందికి చూశాడు. "పాసయ్యావా?"

"అయ్యాను. ఎందుకు చెరుపుతున్నావు?"

"ముట్టాక ఇంకా ముట్టబడదని రాసుకుని కూర్చుంటే అబద్ధం కదమ్మా. ఆ రోజే చెరిపేద్దును. నువ్వు చూస్తే మనసు పాడుచేసుకుని పరుగు చెడగొట్టుకుంటావని ఆగాను" అన్నాడు. కుంచె మళ్ళీ డబ్బాలో ముంచాడు. "పిక్క పట్టిందా?"

"లేదు నాన్నా."

"మరింకేం" అని పనిలో పడ్డాడు.

నాకు ఏడుపొచ్చింది. పాసైన సంతోషం ఎటు పోయిందో తెలియలేదు. నిచ్చెన ఒక కాలు కాస్త ఊగుతోంది. వెళ్ళి రెండు చేతులతో పట్టుకున్నాను. మూడు వారాలుగా ఒక్కచోట కాలు నిలపలేనిదాన్ని, ఆ ఎర్ర అక్షరాలు మొత్తం పోయేదాకా కదలకుండా అక్కడే నిలబడ్డాను.