బఠాణీకి గుడ్డు అడ్డం పడిన రోజు

అక్క ఆసుపత్రిలో చేరుతూ తన రెండు పొట్టికోళ్ళనీ తమ్ముడింట్లో వదిలి వెళ్ళింది. నల్లది మిరియం, గోధుమరంగుది బఠాణీ. ఎంత పెరిగినా రెండు అరచేతుల్లో ఇమిడిపోయే జాతి. వేళ్ళ దాకా ఈకలుండడంతో మేజోళ్ళు తొడుక్కున్నట్టు కనిపిస్తాయి. పిల్లలుగా ఉన్నప్పట్నుంచీ ఇంట్లోనే పెరిగాయి కాబట్టి వాటికి మట్టికంటే సోఫా బాగా తెలుసు. గచ్చు పాడవకుండా అక్కే వాటికి లంగోటీలు కుట్టి కట్టేది.

"కోడికి లంగోటీ ఏమిటి వదినా? మా చంటిదానిక్కూడా ఇన్ని జతలు లేవు" అంది తమ్ముడి భార్య, సంచీ విప్పి చూసి.

"నాలుగు రోజులు ఓపిక పట్టవే తల్లీ. తర్వాత నేనే వచ్చి తీసుకుపోతాను" అంది అక్క.

అక్క రైల్వే స్టేషన్లో బళ్ళ రాకపోకలు మైకులో చెప్పే ఉద్యోగి. ఊళ్ళో ఆమె మొహం ఎరగనివాళ్ళు కూడా ఆ గొంతు ఎరుగుదురు. ఇప్పుడా గొంతులోనే గడ్డ లేచింది. తీసెయ్యక తప్పదన్నాడు డాక్టరు. మాట పలికించే నరం ఆ గడ్డని ఆనుకునే ఉందనీ, చాలామందికి ఏమీ కాదనీ, కొందరికి మాత్రం గొంతు పోవచ్చనీ కూడా చెప్పాడు. ఆ 'కొందరికి' అన్న మాట చెవిన పడ్డప్పట్నుంచి తమ్ముడికి తిండి సయించలేదు. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని అతనిది. ఎడమ కంటి అద్దం కుడివైపు బిగించి యజమాని చేత చీవాట్లు తిన్నాడు. చిన్నప్పట్నుంచీ ఇంట్లో అతని ముద్దుపేరే 'కంగారు'. అక్క మాత్రం నవ్వుతూనే తిరిగింది. ఆ నవ్వు చూస్తే అతనికి ఇంకా బెదురు పుట్టేది.

మధ్యాహ్నం ఆపరేషన్ అనగా ఆ ఉదయం అతను గింజలు వెయ్యడానికి వెళ్ళేసరికి మిరియం ఒక్కతే పరిగెత్తుకొచ్చింది. బఠాణీ సోఫా మూలన ఈకలన్నీ ఉబ్బించుకుని, తోక దించుకుని నిలబడి ఉంది. కళ్ళు సగం మూసుకుంది. మధ్యమధ్య ఒళ్ళంతా బిగబట్టి ముక్కి, మళ్ళీ నీరసంగా వదిలేస్తోంది. చేత్తో తాకితే పొట్ట కింద గట్టిగా తగిలింది.

"ఏమే, ఇలా రా! దీనికేదో అయింది."

భార్య వంగి చూసింది. ఇద్దరు పిల్లల తల్లి, ఆమెకి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. "గుడ్డు అడ్డం పడిందండీ. పెట్టలేకపోతోంది పాపం."

ఆ మాట నోట్లో ఉండగానే ఫోను మోగింది. అక్క, వీడియోలో. పొద్దున్నే తన పిల్లల్ని చూసుకోవాలి కదా. తమ్ముడు ఫోను మిరియం మొహం మీద పెట్టాడు.

"బఠాణీ ఏదిరా?"

"పడుకుందక్కా."

"పట్టపగలు కోడి పడుకోవడమేమిట్రా?"

"అంటే... ఇప్పుడే, కొంచెం..."

భార్య చటుక్కున ఫోను లాక్కుంది. "వదినా, ఇక్కడ సిగ్నల్ సరిగా లేదు, మళ్ళీ చేస్తాం" అని కట్ చేసి, మొగుడివైపు తిరిగింది. "చెప్పారంటే ఊరుకోను. కత్తి కిందికి వెళ్ళబోయే మనిషి. ఇప్పుడీ బెంగ కూడా ఎందుకు ఆమెకి?"

అదీ నిజమే. అతను జంతువుల ఆసుపత్రికి ఫోను చేశాడు. కుక్కలూ పిల్లులూ అయితే చూస్తాం, కోళ్ళు చూడం అన్నారు. ఇంకోచోట ఫోనెత్తిన కుర్రాడు "కోడికి వైద్యమేంటండీ?" అని పగలబడి నవ్వాడు. అతను ఒళ్ళు మండి ఫోను పెట్టేశాడు. సోఫా మూల బఠాణీ ముక్కు తెరిచి రొప్పుతోంది. ఇది చస్తే అక్కకి ఏమని చెప్పాలి? గొంతు పోయి, కోడీ పోయి, ఆ ఇంట్లో ఒంటరిగా కూర్చున్న అక్క కళ్ళముందు కదిలింది.

మళ్ళీ ఫోను. ఈసారి మామూలు కాల్. భార్య తల అడ్డంగా ఊపుతూనే ఉంది. అతను ఎత్తాడు.

"ఒరేయ్, నీ గొంతు నాకు తెలీదా? ఏమైంది దానికి?"

"అక్కా, గుడ్డు అడ్డం పడింది" అనేశాడు ఏడుపు గొంతుతో.

భార్య నుదురు కొట్టుకుంది. అక్క ఏడుస్తుందనుకున్నాడు. అంతలో స్టేషన్లో వినిపించే ఆ గొంతు, నిదానంగా, ఒక్కో మాటా విడమరిచి పలికింది.

"ముందు ఏడుపు ఆపు. వెడల్పాటి గిన్నె తీసుకో. గోరువెచ్చటి నీళ్ళు, చంటిపిల్లకి పోసేంత వేడి, ఎక్కువొద్దు. కాస్త ఉప్పు వెయ్యి. పొట్ట మునిగేలా కూర్చోబెట్టండి. తల తడవకూడదు. నొక్కకండి. నొక్కితే లోపల గుడ్డు పగులుతుంది, పగిలితే ఇంక దక్కదు. విన్నావా? మరదలికివ్వు ఫోను, నీకు కంగారెక్కువ."

అతను స్పీకరు నొక్కి ఫోను భార్య పక్కన పెట్టాడు. భార్య గిన్నె పెట్టింది, నీళ్ళు మోచేత్తో చూసుకుంది. కోడిని ముట్టుకోవడానికే ముఖం చిట్లించే మనిషి, దాన్ని రెండు చేతులా పట్టుకుని నీళ్ళలో కూర్చోబెట్టింది. బఠాణీ ఒక్కసారి గింజుకుని, తర్వాత వెచ్చదనానికి మెత్తబడింది. స్పీకర్లో అక్క చెబుతూనే ఉంది. నూనె ఎక్కడ రాయాలో, తుడిచి ఏ గుడ్డలో చుట్టాలో, గదిలో దీపం ఎందుకు తీసెయ్యాలో. వెనకాల నర్సు మందలిస్తోంది. "ఉండమ్మా, నా కోడికి కాన్పు కష్టమైంది" అంటోంది అక్క. ఆ మాటల్లో ఇన్నాళ్ళ నవ్వు లేదు, దాని కింద దాచిన భయమూ లేదు. పనిలో పడ్డ మనిషి గొంతు అది.

సంతకాలు పెట్టాలి కాబట్టి తమ్ముడు ఆసుపత్రికి పరుగెత్తక తప్పలేదు. అతను వెళ్ళేసరికి అక్కని తోపుడుబల్ల మీదకి ఎక్కించేశారు. ఆకుపచ్చ టోపీలో ఆమె మొహం చిన్నదైపోయింది.

"పెట్టిందా?"

"ఇంకా లేదక్కా."

"మళ్ళీ ఒకసారి నీళ్ళలో పెట్టమను. అది భయపడితే బిగుసుకుపోతుంది. ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉండాలి, నా పిచ్చితల్లి మనిషి గొంతు వినిపిస్తే కుదురుగా ఉంటుంది" అని ఆగింది. అతని వేళ్ళు గట్టిగా పట్టుకుంది. "నాకూ భయంగానే ఉందిరా కంగారూ."

తలుపులు మూసుకున్నాయి.

వరండాలో అతను కూర్చోలేకపోయాడు, నిలబడలేకపోయాడు. అక్క చెప్పిందంతా భార్యకి ఫోనులో చెప్పాడు, తర్వాత మళ్ళీ చేస్తే ఆమె ఎత్తలేదు. లోపలికీ బయటికీ తిరిగే నర్సుల మొహాలు చూసి ఏదో అర్థం చేసుకోవాలని ప్రయత్నించాడు. ఒక నర్సు చేతిలో సీసాతో పరుగెత్తుకెళ్తే అతనూ వెనకే నాలుగడుగులు వేశాడు. ఆమె పక్క గదికి వెళ్ళింది.

చివరికి ఫోను మోగింది. భార్య ఏడుస్తోంది. అతను గోడకి ఆనుకున్నాడు.

"పెట్టిందండీ! పెంకు మెత్తగా తోలులా ఉంది, కానీ పెట్టేసింది. నీళ్ళు తాగింది. మాట్లాడమన్నారు కదా, ఏం మాట్లాడాలో తెలీక మన పెద్దాడు పుట్టినప్పటి సంగతులన్నీ దానికి చెప్పాను."

అతను పెద్దగా నవ్వేశాడు. వరండాలో వాళ్ళంతా తిరిగి చూశారు. అక్కకి చెబుదామంటే ఆమె తలుపులవతల ఉంది.

సాయంత్రానికి ఆమెకి తెలివొచ్చింది. గొంతు చుట్టూ కట్టు. డాక్టరు వంగి "అమ్మా, ఒక్కసారి ఆ... అనండి" అన్నాడు. ఆమె పెదాలు కదిలాయి, శబ్దం రాలేదు. తమ్ముడు డాక్టరు వెనకనుంచి తొంగిచూశాడు. ఆమె కళ్ళు డాక్టర్ని దాటి అతన్ని వెతుక్కున్నాయి. ఇసుకలో చీపురు గీసినట్టు, ఎలాగో ఒక మాట బయటికొచ్చింది.

"పెట్టిందా?"

"ఏం పెట్టాలమ్మా?" అన్నాడు డాక్టరు తెల్లబోయి.

"పెట్టిందక్కా, పెట్టేసింది! బానే ఉంది" అన్నాడు తమ్ముడు, కళ్ళు తుడుచుకుంటూ. ఆమె కళ్ళు మూసుకుంది. మాట పలికింది కాబట్టి నరం తెగలేదని డాక్టరు అన్నాడు. గొంతు ఎంతవరకు తిరిగొస్తుందో మాత్రం చెప్పలేనన్నాడు.

పూర్తిగా తిరిగి రాలేదు. చాలాకాలం సెలవులో ఉండి, వేడినీళ్ళు పుక్కిలించి, నేర్పేవాళ్ళ దగ్గర అక్షరాలు దిద్దినట్టు పలకడం నేర్చుకుని ఆమె మళ్ళీ మైకు ముందు కూర్చుంది. మొదటిరోజు తమ్ముడు పని మానేసి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు. ఆమె గొంతు కాస్త బొంగురుగా, మునుపటికంటే నెమ్మదిగా వినిపించింది. చివరి మాట దగ్గర కొంచెం చీరుకుపోయింది.

పక్కన బల్ల మీద కూర్చున్న ప్రయాణికుడు తలెత్తాడు. "మనిషి మారినట్టుందే?"

"మారలేదండీ, ఆవిడే" అన్నాడు తమ్ముడు. ఆ మాట అనేటప్పుడు కూడా, తర్వాతి బండి పేరు ఆమె ఎలా పలుకుతుందోనని చెవులు రిక్కించే ఉన్నాడు.