నడుముకట్టు కింద చెయ్యి

ఎదుటి మనిషి కాలు పట్టుకుని పడేయడం చౌడేశ్వరికి జూడో కంటే ముందే వచ్చు. తండ్రి గంగప్ప గొర్రెల కాపరి, వయసులో జాతరల్లో కుస్తీ పట్టినవాడు. వానలు లేక వేరుశనగ మాడిపోయిన ఏడాది, నల్లమాడ బయట బీడులో గొర్రెలు మేపుతూ కూతురికి ఆ పట్టు సరదాగా నేర్పాడు. వంగి, మోకాలి వెనక చెయ్యి దూర్చి, భుజంతో నెట్టి ఎత్తేయాలి. ఆయన కుస్తీలో పాయింట్లు లేవు. వీపు నేలకు తగిలినవాడు ఓడినట్టు.

జూడో కోచ్ జయరాం సార్ ఆ పట్టు చూసే ఆమెను జూడోలోకి తీసుకున్నాడు. మరుసటి రోజు నుంచే దాన్ని మాన్పించే పనిలో పడ్డాడు. జూడోలోనూ వీపు నేలకు తగిలేలా బలంగా పడేస్తే గెలుపే. అయితే ఎదుటివాళ్ల నడుముకట్టుకు కింద, అంటే కాళ్ల మీద, చెయ్యి వేయకూడదు. వేస్తే తప్పు కింద ఒక షిడో ఇస్తారు. మూడు షిడోలు పడితే ఆట పోయినట్టే.

"ముందు ఈ పట్టు ఉండె పాపా. తర్వాత తీసేసినారు," అన్నాడు.

"ఎందుకు తీసేసినారు సార్?"

"అందరూ వంగి కాళ్లే పట్టుకుంటాంటే చూసేదానికి బాగుండదని."

రెండేళ్లు కష్టపడి చౌడేశ్వరి నిటారుగా ఆడడం నేర్చుకుంది.

పుట్టపర్తిలో జరిగిన జిల్లా ఎంపికల్లో ఫైనల్ దాకా వచ్చింది. ఎదురు పడింది చంద్రిక. ధర్మవరం పట్టుచీరల వ్యాపారి కూతురు, బెంగళూరులో శిక్షణ తీసుకున్న పిల్ల. చౌడేశ్వరి బలం ముందు తాను నిలవలేనని చంద్రికకు మొదటి పట్టులోనే తెలిసిపోయింది. ఆ తర్వాత పట్టు చిక్కనివ్వలేదు. చొక్కా మీద చెయ్యి పడగానే విదిలించుకునేది. రిఫరీ చూస్తున్నప్పుడు ముందుకు దూకేది, సగంలో వెనక్కి వచ్చేది. చూసేవాళ్లకు ఆమే దాడి చేస్తున్నట్టుండేది. పట్టు కోసం వెతుక్కుంటున్న చౌడేశ్వరి ఊరికే తిరుగుతున్నట్టుండేది.

దాడి చేయడం లేదని చౌడేశ్వరికి మొదటి షిడో పడింది. ఆ కంగారులో వెనక్కి జరిగి ఆట హద్దు గీత దాటింది. రెండోది పడింది.

జయరాం గీత అవతల కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆట నడుస్తున్నంతసేపూ కోచ్ నోరు విప్పకూడదు. రిఫరీ ఆపిన క్షణంలో, "చేతులు పైన, పైనే," అని మాత్రం అనగలిగాడు. ఆమె తల ఊపింది.

ఆట మళ్లీ మొదలైంది. చంద్రిక ఈసారి నిజంగానే కాలు విసిరింది. ఆ కాలు నేరుగా చౌడేశ్వరి చేతుల దగ్గరికి వచ్చింది. జయరాం లేచి నిలబడ్డాడు. అరవబోయి నోరు మూసుకున్నాడు. అరిచినా లాభం ఉండేది కాదు, అప్పటికే ఆమె వంగింది. చంద్రిక గాల్లోకి లేచి, వెల్లకిలా, చాప అదిరేలా పడింది.

హాలంతా చప్పట్లు. కూతురి ఆట చూడ్డానికి వచ్చిన గంగప్ప బెంచీ మీదికెక్కి తుండు ఊపాడు.

రిఫరీ ఆట ఆపి, చౌడేశ్వరికి మూడో షిడో ఇచ్చి, ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి, చంద్రిక వైపు చెయ్యెత్తాడు. చంద్రిక ఇంకా వీపు రుద్దుకుంటూనే ఉంది. వంగి నమస్కరించాక చౌడేశ్వరితో మెల్లగా, "నేనట్ల గెలవల్లనుకోలేదక్కా," అంది. చౌడేశ్వరి తన రెండు అరచేతులూ చూసుకుంది.

గంగప్ప మెట్లు దిగి వచ్చాడు. "ఏమప్పా సారూ, పడింది ఆ పాప గదా?"

"అవును గంగన్నా."

"మరి మనమెట్ల ఓడిపోతిమి?"

"కాలు పట్టుకునింది. పట్టుకోకూడదు."

"పోయి అడుగు సారూ. నువ్వు చదువుకున్నోనివి."

జయరాం కదల్లేదు. మోసం జరిగి ఉంటే అడిగేవాడు, గొడవకైనా దిగేవాడు. రిఫరీ చేసింది సరైనదే. చంద్రిక ఆడిందీ నియమం ప్రకారమే. ఆ స్థానంలో తన శిష్యురాలు ఉంటే తానూ అలాగే ఆడమనేవాడు. 

"నాకు తెలిసి చేయలేదు సార్. చేతులే పోయినాయి," అంది చౌడేశ్వరి.

"నాకు తెలుసు పాపా."

"వచ్చే ఏడు గూడా పోతాయేమో."

పోవని చెప్పాలనుకున్నాడు. ఆమె సంచీ అందుకుని తన భుజాన వేసుకున్నాడు.

సాయంత్రం బస్సులో గంగప్ప పక్కనున్న ముసలాయనతో, "మా పాప ఎత్తి ఏసె చూడప్పా, ఆ పిల్ల ఎల్లెలకల పడె," అని చేతులతో చూపిస్తున్నాడు.

"అట్లయితే గెలిచినట్టే గదా," అన్నాడు ముసలాయన.

గంగప్ప చేతులు దించి జయరాం వైపు తిరిగాడు. ముసలాయనా అటే చూశాడు. కిటికీ పక్కన చౌడేశ్వరి కళ్లు మూసుకుని ఉంది, నిద్రపోలేదు. జయరాం షిడో అంటే ఏమిటో చెప్పడం మొదలుపెట్టాడు. ముసలాయన మర్యాదగా విన్నాడు. నడుముకట్టు దాకా వచ్చేసరికి, "సరేలే అప్పా," అని తన సంచీ ఒళ్లోకి తీసుకున్నాడు.