మూడో బెంచీ మీద ఉప్పు

ఊళ్లోకి బస్సులు వచ్చేవి పాత చర్చి కోసమే. నాలుగొందల ఏళ్ల నాటి కట్టడం. వచ్చినవాళ్లంతా తలలెత్తి, మెడలు పట్టేసేదాకా పైకప్పు బొమ్మలు చూసి, ఫోటోలు తీసుకుని పోతారు. ఊరి ఆడవాళ్లు మాత్రం ఒక్కరూ పైకి చూడరు. ఆదివారం పూజ అవగానే ఎవరి బెంచీ దగ్గరికి వాళ్లు వెళ్లి, తమ మగవాడు కూర్చునే చోట అరచెయ్యి పెట్టి చూసుకుంటారు. తడిగా ఉంటే మనిషి సముద్రం మీద ఉన్నట్టు. పొడిగా ఉంటే ఒడ్డెక్కినట్టు, ఇక ఇంటికెళ్లి ఎసరు పెట్టుకోవడమే. తెల్లగా ఉప్పు తేలిందా, మనిషి లేనట్టు. అప్పుడు తల్లి ఆ ఉప్పు నాలిక మీద వేసుకుని "మావాడే" అనాలి. ఆ మాట విన్నాకే ఫాదర్‌గారు గంట కొట్టిస్తారు. ఆ తర్వాత ఏడాది పాటు ఇంట్లోవాళ్లు ప్రతి ఆదివారం తడిగుడ్డతో తుడవాలి, ఎందుకంటే ఎంత తుడిచినా ఆ ఉప్పు మళ్లీ ఊరుతూనే ఉంటుంది. పాత చెక్క కదా, అంటారు ఊరివాళ్లు. అంతకు మించి దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు.

చేపలు ఎండబెట్టే షెడ్డులో ఉప్పు పట్టించే పని చేసే ఒకింటి కోడలు, మూడో బెంచీ చివర అలా చెయ్యి పెట్టి చూడబట్టి నాలుగేళ్లయింది. మొగుడు ఏడాదిలో వస్తానని చెప్పి పెద్ద ఓడలో పనికెక్కాడు. ఆ ఏడాది ఉత్తరాలు వచ్చాయి, తర్వాత అవీ లేవు. బెంచీ మాత్రం తడిగానే ఉండేది. "ఉన్నాడులే, ఉన్నాడు" అనుకుంటూ అత్తాకోడళ్లిద్దరూ ఇంటికి పోయేవాళ్లు. లేస్తే కీచులాట. టీలో పంచదార ఎక్కువైందని ఒకరు, తక్కువైందని ఒకరు. ఆ కీచులాటే లేకపోతే ఆ ఇంట్లో మనుషుల అలికిడే ఉండదు.

ఐసు ఫ్యాక్టరీ మెకానిక్‌కి ఈ కోడలంటే ఇష్టం. పెళ్లాం పోయినవాడు, నోట్లో నాలుక లేని మనిషి. ఎలాగో ధైర్యం చేసి ఫాదర్‌గారిని అడిగితే, "బెంచీ తడిగా ఉండగా పెళ్లేమిటయ్యా!" అని చీవాట్లు పెట్టి పంపారు. ఆ సంగతి తెలిసి కోడలు అతనివైపు చూడ్డం మానేసింది. కోపం వచ్చి కాదు, చూడాలనిపించి.

ఒక ఆదివారం బెంచీ పొడిగా ఉంది.

కోడలు చెయ్యి తీసి మళ్లీ పెట్టింది. "అత్తయ్యా, మీరోసారి చూడండి."

ముసలామె రెండు చేతులూ పెట్టి చూసి, చర్చి అని కూడా లేకుండా అరిచింది. "ఒడ్డెక్కాడే! నా తండ్రి ఒడ్డెక్కాడు!"

ఇల్లు కడిగారు, దుప్పట్లు ఉతికారు. కోడలు రేవుకి పోయి నిలబడింది. వచ్చిన పడవల్లో అతను లేడు. మర్నాడూ లేడు. వారం గడిచింది, నెల గడిచింది, ఆరు నెలలు గడిచాయి. బెంచీ పొడిగానే ఉంది.

"ఆరు నెలలు నడిచి రావాల్సినంత దూరం ఈ భూమ్మీద ఎక్కడుందే?" అంది అత్త ఒక సాయంత్రం.

"జబ్బు చేసిందేమో అత్తయ్యా," అంది కోడలు గిన్నెలు తోముతూ.

"జబ్బూ లేదు, గిబ్బూ లేదు. ఎక్కడో కాపురం పెట్టుంటాడు. నిన్ను మొగుడున్నదాన్నీ కాకుండా, లేనిదాన్నీ కాకుండా చేసి పోయాడు వెధవ."

"నేను మీకు బరువయ్యానా?"

"ఛీ, నోర్ముయ్. నాకు నువ్వు తప్ప ఎవరున్నారని?"

కోడలు గిన్నెల ముందే కూర్చుని ఏడ్చింది. తడి ఉన్నన్నాళ్లూ ఆశ అన్నా ఉండేది. ఇప్పుడు మొగుడు బతికుండీ, నేల మీద ఉండీ, తన దగ్గరికి రావడం లేదు. ఇంతకంటే దిక్కుమాలిన కబురు ఏ బెంచీ చెబుతుంది!

ఆ తర్వాతి ఆదివారం అత్త పూజకి గంట ముందే వెళ్లిపోయింది. కోడలు వెళ్లేసరికి మూడో బెంచీ చుట్టూ జనం. చివర తెల్లగా ఉప్పు. జనాన్ని తప్పించుకుని దగ్గరికెళ్లి చూసింది. బెంచీలో ఊరే ఉప్పు పిండిలా మెత్తగా, చెక్క గీతలు పట్టుకుని ఉంటుంది. ఇది కల్లుప్పు, గింజలు గింజలుగా ఉంది. పదేళ్లుగా చేపలకి ఉప్పు పట్టిస్తున్న మనిషికి వంటింటి ఉప్పు తెలియదా! తలెత్తి అత్త మొహంలోకి చూసింది. అత్త ఇటు చూడలేదు.

ఫాదర్‌గారికి చూపు అంతంతమాత్రం. వంగి చూసి, "నువ్వే చెప్పాలమ్మా," అన్నారు.

ముసలామె ఒక గింజ తీసి నాలిక మీద వేసుకుంది. కొడుకు ఎక్కడో బతికే ఉన్నాడని తెలిసిన తల్లి, అది కరిగేదాకా ఆగి, "మావాడే," అంది.

గంట కొట్టారు. అత్త మీద అంత కోపం, అంత ప్రేమ కోడలికి ఎప్పుడూ రాలేదు.

వారం తిరిగాక అత్తాకోడళ్లు తడిగుడ్డ పట్టుకుని చర్చికి వెళ్లారు. తుడవకపోతే జనానికి అనుమానం రాదూ! ఏడాది తిరగనిమ్మని, ఆపైన పెళ్లి చేస్తానని ఫాదర్‌గారు మెకానిక్‌కి మాటిచ్చారు. వాళ్లని ఇంటిదాకా దిగబెడతానని అతను బయట మెట్ల దగ్గర ఆగాడు.

"డబ్బా అంతా బోర్లించినట్టున్నారు," అంది కోడలు తుడుస్తూ. ఆ మాట ఎత్తడం అదే మొదలు.

"చూశావన్నమాట."

"చేపలకి పట్టించేంత పోస్తే చూడనూ?"

అత్త ఫక్కున నవ్వింది. కోడలికీ నవ్వు ఆగలేదు. నోటికి చేతులు అడ్డం పెట్టుకుని ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు.

"వాడెక్కడున్నాడో చల్లగా ఉండనీ," అంది అత్త కళ్లు ఒత్తుకుంటూ. "నువ్వూ చల్లగా ఉండు. నాకంతే చాలు."

ఉప్పంతా గుడ్డలోకి వచ్చేసింది. కోడలు దులపడానికి లేచింది.

"ఆగు," అంది అత్త.

చెక్క గీతల్లోంచి తెల్లగా ఊరుతోంది. పిండిలా, మెత్తగా. కోడలు గుడ్డతో గట్టిగా రుద్దింది. పోయింది. మళ్లీ ఊరింది.

ముసలామె వేలితో అద్ది నాలిక మీద పెట్టుకుంది. ఈసారి ఆమెని ఎవరూ అడగలేదు.

"ఇది నేను పోసింది కాదే."

"అత్తయ్యా..."

"మావాడే అని నేనన్నాక పోయాడు. నేనంటేనే పోయాడే అమ్మాయ్."

కోడలు ఆమెని పొదివి పట్టుకోబోయింది. ముసలామె పట్టుకోనివ్వలేదు. కోడలి చేతిలోంచి గుడ్డ లాక్కుని బెంచీ ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"పాపం అతను ఎండలో నిలబడ్డాడు, నువ్వు పో," అంది. "నా కొడుకుది నేను తుడుచుకుంటా."