తారక ముఖం

సోమవారం ఏడున్నర సీరియల్‌లో తారక మారిపోయింది.

అన్నపూర్ణాదేవి పూజగదిలో కూర్చుని ఉంది. కోడలు తారక హారతి పళ్ళెం పట్టుకుని వచ్చింది. అదే పసుపుపచ్చ పట్టుచీర, అదే జడ, అవే గాజులు. ముఖం మాత్రం వేరే మనిషిది. తెర కింద ఒక అక్షరాల వరుస గబగబా పరిగెత్తి, టీవీ ముందు కూర్చున్న సరోజన మనవరాలు దీక్షిత చదివేలోపే మాయమైంది. అన్నపూర్ణాదేవి ఆ కొత్త చెంప నిమిరి, "నువ్వు మా ఇంటి దీపానివి తారకా" అంది. కొడుకు విహార్ నవ్వాడు. వంటమనిషి నవ్వింది. ఆ ఇంట్లో ఒక్కరూ ఉలిక్కిపడలేదు.

సరోజన టీవీ కట్టేసింది.

"అమ్మమ్మా, ఇంకా ఉన్నది."

"ఏమున్నది బిడ్డ. అయిపోయింది."

సరోజనది జనగామ. రెండేళ్ళ కిందట కూతురు స్వరూప డెంగీ జ్వరంతో పోయినప్పుడు, దినాలయ్యే దాకా ఉందామని మహబూబాబాద్ వచ్చింది. అల్లుడు ఎల్లేశ్‌కు గూడూరు సబ్‌స్టేషన్‌లో ఉద్యోగం. ఒక వారం పగటి డ్యూటీ, ఒక వారం రాత్రి డ్యూటీ. చిన్నపిల్లను ఎవరు చూడాలి? అలా ఉండిపోయింది.

స్వరూప బతికున్నప్పుడు తల్లి జనగామలో, కూతురు మహబూబాబాద్‌లో, ఈ సీరియలే చూసేవాళ్ళు. అయిపోగానే స్వరూప ఫోన్ చేసేది. ఆ ఇంటి గొడవ తమ ఇంటి గొడవైనట్టు మాట్లాడుకునేవాళ్ళు. విహార్ ఎప్పటికైనా మంచివాడవుతాడని స్వరూప నమ్మకం. సరోజన ఒప్పుకునేది కాదు. "వాడు చిలక్కొయ్యనే. అంగీ తగిలించనీకె తప్ప దేనికీ పనికిరాడు. కథంత ఆ అత్తాకోడండ్లది. ఆ ముసల్ది ఎంత తిట్టినా, తారక తినకపోతె ఆమెకు ముద్ద దిగదు. నువ్వు గది చూడు" అనేది. అంత పెద్ద బంగళాలో మన మాట మాట్లాడేది వంటామె ఒక్కతేనని స్వరూప పడి పడి నవ్వేది.

మర్నాడు సాయంత్రం పక్కింటి రామి వచ్చింది. నెల్లికుదురు దగ్గరి తండా మనిషి, మార్కెట్లో కూరగాయలు అమ్ముతుంది.

"టీవీ పెట్టలేదేంది అక్కా? రీచార్జి అయిపోయిందా?"

"ఉన్నది. నేనే చూస్తలేను."

"నువ్వు చూడకుంటె చూడకు. నన్నెందుకు ఉపాసముంచుతవ్? మా ఇంట్ల నీ మరిది వార్తలు పెట్టి నిద్రపోతడు. బంద్ చేస్తె లేస్తడు."

సరోజనకు నవ్వు రాలేదు. "తారక ముఖం మారింది రామీ."

"మారితె మారింది. పాతామెకు ఏం పరేషాన్ వచ్చిందో. కొత్తామె ఏం పాపం చేసింది? ఎవరో రాసిన మాటలు, ఎవరో ఇడిసిన చీరెలు. పాపం భయపడుకుంట నడుస్తుంది."

"ఆమె మీద నాకు కోపం లేదే. నా కోపమంత ఆ అత్త మీద. కండ్లల్ల పెట్టుకున్న కోడలు పోయి ఇంకో మనిషొచ్చి ఎదురుంగ నిలవడితె, నువ్వెవరివి, నా తారక యాడికి పోయిందని ఒక్కమాట అడగదా? ఇంట్ల మనిషి మారితె ఒక్కలన్నా ఉలిక్కిపడొద్దా?"

రామి ఒళ్ళో పోసుకున్న చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చుంది. వచ్చే గురువారం ఎల్లేశ్‌కు మళ్ళీ పెళ్ళి అన్న సంగతి ఆమెకూ తెలుసు.

పిల్ల పేరు సుమలత. భూపాలపల్లి బొగ్గుబాయి కార్మికుడి కూతురు. మొదటి పెళ్ళి నిలవలేదు. ఎల్లేశ్‌ను "చేసుకో బిడ్డ" అని ముందు అన్నది సరోజనే. "నువ్వు యాడికీ పోవద్దు అత్తమ్మా" అన్నాడతను, నేల చూస్తూ. కానీ సంబంధం తెచ్చిన పెద్దమనిషి చాయ్ తాగుతూ "ముసలామె ఇంకెన్ని దినాలుంటది?" అని అడిగినప్పుడు అతను ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం సరోజనకు వంటింట్లోకి బాగా వినిపించింది. ఆ రోజే బ్యాగు సర్ది తలుపు వెనక పెట్టుకుంది. జనగామలో తమ్ముడి ఇంట్లో ఒక గది ఉంది.

పోవడానికి ఆమె సిద్ధపడింది. పిల్లను విడిచి ఉండటం కష్టమే, కానీ కష్టాలు ఆమెకు అలవాటే. లోపల తొలుస్తున్నది ఇంకొకటి. తాను పోయాక ఈ ఇంట్లో స్వరూప పేరెత్తే మనిషి ఉంటుందా?

పెళ్ళికి ముందు ఎల్లేశ్ ఒక చిన్న బంగారు బిళ్ళ తెచ్చాడు. మొదటి భార్య పేరు మీద చేయించి రెండో ఆమె మెడలో వేసేది. బిళ్ళ మీద ఒక ఆడమనిషి ముఖం. దీక్షిత దాన్ని వెలుతురుకు పెట్టి చూసింది.

"అమ్మ గిట్ల లేకుండె."

"అచ్చు బిడ్డ. అందరికీ ఒక్కటే అచ్చంట" అని ఎల్లేశ్ బిళ్ళను కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

కాళేశ్వరంలో పెళ్ళి అయింది. సరోజన దీక్షితతో ఇంట్లోనే ఉండిపోయింది. పొద్దుగూకేవేళకు వచ్చారు. తోడు వచ్చినవాళ్ళు చాయ్ తాగి వెళ్ళిపోయారు. ఏడున్నరకు రామి వచ్చింది. "పెండ్లిపిల్లను చూద్దామని వచ్చిన" అంటూ టీవీ ఎదురుగా కూర్చుంది. దీక్షిత టీవీ పెట్టింది. కొత్త మనిషి ముందు సరోజన వద్దనలేకపోయింది.

సుమలత చాప మీదకు రాలేదు. వంటింటి గడప పక్కన ఒదిగి కూర్చుంది. తెర మీద కొత్త తారక వడ్డిస్తోంది, అన్నపూర్ణాదేవి మురిసిపోతోంది.

"ఈమె వచ్చినంక నేను చూస్తలేను" అంది సుమలత, మెల్లగా. "ముఖం మారిన దినమే బంద్ చేసిన."

"ఇంకొకతి దొరికింది" అంది రామి. "నీకేమయిందే?"

"వాళ్ళత్త జరంతసేపన్న ఆగి చూడలే అక్కా. మనిషి పోతె గింత అల్కగ మర్సిపోవుడేనా అనిపించింది."

సరోజన మొదటిసారి ఆ పిల్ల వైపు తిరిగింది. సుమలత చేయి మెడలోని బిళ్ళ మీద ఉంది.

"అమ్మా, ఒకటి అడుగుత, ఏమనుకోవద్దు. దీని మీది ముఖం అక్కదేనా? గోడ మీది ఫొటోకు కలుస్తలేదు."

"కాదు బిడ్డ. అది ఎవ్వరిదీ కాదు."

"మరి అక్క ఎట్లుంటుండె?"

ఈ రెండేళ్ళలో ఎంతోమంది వచ్చారు. ఏ దవాఖాన అన్నారు, జ్వరం ఎన్ని రోజులన్నారు, ముందే ఎందుకు తీసుకుపోలేదన్నారు. ఈ మాట ఒక్కరూ అడగలేదు.

రామి చేయి చాచి తనే టీవీ కట్టేసింది.

"ముక్కు జర వెడల్పు" అంది సరోజన. "నా ముక్కే వచ్చింది దానికి..." మిగతాది చెప్పకుండానే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. దీక్షిత ఆమె ఒళ్ళోకి జరిగి, "నవ్వితె ఇంకా వెడల్పయితుండె" అంది. వాకిట్లో బకెట్ పట్టుకుని నిలబడ్డ ఎల్లేశ్ లోపలికి రాలేదు, బకెట్ కిందా పెట్టలేదు.

పొద్దున సరోజన బ్యాగు బయటికి తీసింది. సుమలత పెరుగన్నం డబ్బా తెచ్చి బ్యాగులో ఒక పక్కకు సర్దింది. స్టేషన్లో ఎల్లేశ్ ఈసారి ముఖం చూసే అన్నాడు, "ఉండరాదు అత్తమ్మా."

"నేనుంటె ఆ పిల్ల ఎప్పటికీ సుట్టమే బిడ్డ. ముందుగాల ఇల్లు తనదనుకోనీ."

బండి ఆలస్యంగా వచ్చింది. కిటికీ పక్కన చోటు దొరికింది. చేలు వెనక్కి పోతుంటే అన్నపూర్ణాదేవి గుర్తొచ్చింది. ఆమె కూడా ఆ చెంప నిమిరి, తర్వాత ఎవరూ చూడని మూలకు పోయి ఏడ్చిందేమో. అది మనకు చూపించరు.

జనగామలో తమ్ముడి ఇంట్లో సాయంత్రం క్రికెట్ పెట్టారు. సరోజన బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది. సీరియల్ అయిపోయే వేళ, స్వరూప ఫోన్ చేసే వేళ, చేతిలో ఫోన్ మోగింది. 

"అమ్మా, నేను సుమలతను. పిల్ల ఏడ్సి ఏడ్సి ఇప్పుడే తిన్నది." గొంతు తగ్గించి అంది, "ముక్కు దాకనే చెప్పినవ్. తర్వాత?"

సరోజన ఫోన్ రెండు చేతులతో పట్టుకుని చెవికి ఆనించుకుంది. అవతలి పిల్ల తొందరపెట్టలేదు, ఫోన్ పెట్టెయ్యలేదు.