కోటు పద్యం పీరియడ్

"అందరి జవాబూ ఒకటే టీచర్ గారూ, కామాలతో సహా!" అంటూ మా హెడ్మాస్టరు గారు నా క్లాసు పేపర్ల కట్టను బల్ల మీద పడేశారు. "నెట్‌లోంచి దింపడానికి మధ్యలో మీరెందుకు? సాహిత్యం పీరియడ్ తీసేద్దాం. ఆ గంటలో స్పోకెన్ ఇంగ్లీషు వీడియోలు వేద్దాం. కంపెనీ వాళ్ళు రెడీగా ఉన్నారు."

ఒళ్ళు మండింది. మండి మాత్రం ఏం లాభం, ఆయన అన్నది నిజమే. కానీ నేను ఇంగ్లీషు టీచర్నయ్యిందే పిల్లలకు కథలూ పద్యాలూ చెప్పుకోవచ్చని. ఆ గంట కాస్తా పోతే నాకు మిగిలేది "హౌ ఆర్ యూ, ఐయామ్ ఫైన్" ఒక్కటే. అది చెప్పడానికి నేనెందుకు, చిలక చాలు.

"ఒక్క క్లాసు చూడండి సార్, తర్వాత మీ ఇష్టం" అన్నాను. అక్కడితో ఊరుకోవచ్చుగా! "ఆన్‌లైన్‌లోనే చెప్తాను" అని కూడా అనేశాను. నా నోటికి తాళం ఉండదు.

ఆన్‌లైన్ అంటే అప్పటికి నాకు తెలిసింది వంట వీడియోలు చూడటం. చచ్చినట్టు మా చెల్లికి ఫోన్ చేశాను. అది వేరే బడిలో ఇంగ్లీషు టీచరు, ఇలాంటివన్నీ దానికి మంచినీళ్ళప్రాయం.

"వీడియో వేసి పక్కన నిలబడ్డావనుకో, సినిమా హాల్లో టార్చిలైటు పట్టుకున్నవాడిలా ఉంటావక్కా" అంది. "వాళ్ళచేత రాయించు. నెట్‌లో ఒకటే పేజీ తెరిచి అందర్నీ ఒకేసారి అందులో రాయమను. ఒకరు రాసేది అందరికీ కనిపిస్తుంది. కాపీ కొడితే అక్కడికక్కడే దొరికిపోతారు."

"నాకొస్తుందంటావా?"

"నీకు నేర్పేసరికి నేను ముసలిదాన్నైపోతాను గానీ, వస్తుందిలే."

వచ్చింది. దాని తల ప్రాణం తోకకొచ్చాక వచ్చింది. క్లాసు జరుగుతున్నంతసేపూ చాట్‌లో అందుబాటులో ఉంటానని కూడా మాటిచ్చింది పాపం.

క్లాసు కంప్యూటర్ల గదిలో పెట్టాను. ఫ్యాన్ల రొద, కీబోర్డుల మీద సగం అక్షరాలు అరిగిపోయి ఉన్నాయి, ఒక కుర్చీకి చక్రం లేదు. ఆ కుర్చీలో అందరూ లౌడ్‌స్పీకర్ అని పిలిచే కుర్రాడు కూర్చుని ఊగుతున్నాడు. వాడి అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరూ వాడరు. నేను ఒక మాటంటే వాడు రెండంటాడు, క్లాసంతా మూడు నిమిషాలు నవ్వుతుంది.

హెడ్మాస్టరు గారు తన గదిలోంచే ఫోన్లో చూస్తానన్నారు. పేరు పెట్టకుండా వచ్చేవాళ్ళకి ఆ పేజీయే ఏదో ఒక జంతువు పేరు తగిలిస్తుంది. పేజీ మూలన 'ఒంటె' అని కనిపించగానే ఆయనేనని నాకు అర్థమైంది. నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగాను.

పద్యం మీకు చెప్పాలి. భర్త పోయాక ఒకావిడ అతని కోటు మడతపెట్టి, ఎవరికైనా ఇచ్చేసే బట్టల సంచిలో పెడుతుంది. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కొచ్చి తీస్తుంది. మళ్ళీ పెడుతుంది, మళ్ళీ తీస్తుంది. అంతే పద్యం. నేనొకసారి చదివాను. ఆ తర్వాత నెట్‌లో దొరికిన పఠనాలు వినిపించాను. ఒకాయన నిద్రలో ఉన్నట్టు చదివాడు, ఒకావిడ వలవలా ఏడ్చింది, ఇంకొకాయన రైలు వెళ్ళిపోతోందన్నంత కంగారుగా ముగించాడు. పిల్లలు పడీపడీ నవ్వారు. హమ్మయ్య, బండి కదిలిందనుకున్నాను.

"ఇప్పుడు మీకేమనిపించిందో రాయండి" అన్నాను.

టకటకా రాశారు. 'ఈ పద్యం వియోగ వేదనను హృద్యంగా చిత్రిస్తుంది.' ఒకరు కాదు, అందరూ! పక్కవాడి తెర చూడక్కర్లేదు కదా, అందరిదీ ఒకటే పేజీ. మా చెల్లి చెప్పిన ఉపాయం కాపీకి రాజమార్గం వేసింది. మూలన ఒంటె కదలకుండా చూస్తోంది.

నాకు ఏడుపొక్కటే తక్కువ. మా చెల్లికి చాట్‌లో గబగబా కొట్టాను: 'కొంప మునిగిందే. చిలకల్లా ఒకటే రాస్తున్నారు. నిజం చెప్పనా, నాకూ ఈ పద్యం విసుగే. ఆవిడ ఆ కోటు ఎవరికో ఇచ్చేస్తే పోయేదిగా, ఇంత గోలెందుకు?'

గదిలో కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. తలెత్తాను. పిల్లలందరూ గుడ్లప్పగించి తెరల వైపు చూస్తున్నారు. నేను కొట్టింది చాట్‌లో కాదు, క్లాసు పేజీలో.

అది తుడిచెయ్యడం మా చెల్లి నేర్పలేదు. ఇంతలో ముందు బెంచీ అమ్మాయి కింద రాసింది: 'టీచర్, నాకూ విసుగే.' దాని కింద ఇంకొకరు: 'నాకు కాదు. మా అక్క అత్తారింటికి వెళ్ళాక నేను దాని దుప్పటే కప్పుకుంటున్నాను.' ఇంకొకడు: 'చలేస్తే ఎవరైనా కప్పుకుంటార్రా.' ఇక చూస్కోండి! ఆవిడది మొండితనమని ఒకరు, కాదు ప్రేమని ఒకరు, కోటు జేబులో డబ్బులున్నాయేమోనని ఒకరు. ఇంగ్లీషులో తప్పులు కుప్పలు తెప్పలు, కానీ ఏ ఒక్కటీ నెట్‌లోది కాదు. వాదనకి దిగినవాళ్ళకి కాపీ కొట్టే తీరికెక్కడిది? నేను ఎర్ర సిరా సంగతే మర్చిపోయాను.

లౌడ్‌స్పీకర్ మాత్రం కుర్చీ ఊపడం మానేశాడు. కాసేపటికి వాడి పేరు పక్కన అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి.

'టీచర్, మా ఇంట్లో మా అమ్మ బట్టలన్నీ ఒక్కరోజులో ఇచ్చేశారు. నేను బడిలో ఉన్నాను. ఆవిడకి కోటైనా ఉంది.'

వాడికి అమ్మ లేదని నాకు తెలుసు, వాడి బడి రికార్డు రాసేది నేనే కదా. కానీ ఇది తెలియదు. లేచి వాడి దగ్గరకెళ్ళాను.

"నేను రాసింది తప్పురా నాన్నా. ఇచ్చేస్తే పోతుందనుకున్నాను."

"పోదు టీచర్" అన్నాడు, తెర మీంచి చూపు తిప్పకుండా.

వాడి భుజం మీద చెయ్యేసి అలాగే నిలబడిపోయాను. నాకు కన్నీళ్ళాగలేదు, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

అప్పుడు ఒంటె కదిలింది. 'మా నాన్నగారి గొడుగు నా దగ్గరే ఉంది. చిల్లులు పడ్డాయి. వాన వస్తే వేసుకోను, తడిసిపోతుందని.'

"ఒంటె ఎవరే?" అని పిల్లలు ఒకర్నొకరు గుసగుసగా అడిగారు. ఒంటె ఇంకో వాక్యం రాసింది: 'వీడియోలు వద్దులెండి టీచర్ గారూ. ఈ గంట మీదే.'

గంట కొట్టారు. మామూలుగా అయితే సంచులతో సహా తలుపు మీద పడతారు. ఆ రోజు ఒక్కరూ లేవలేదు. లౌడ్‌స్పీకర్ ముక్కు చొక్కా చేతికి తుడుచుకుని, గొంతు సవరించుకున్నాడు.

"పద్యం ఇంకోసారి చదవరా టీచర్? ఇందాక నేను వినలేదు."